కప్పు వాలు కథ

అంబర్‌పేట్ వీధులలో నడుచువారికి ఒక దృశ్యము మరల మరల కనబడుచుండును. ఇల్లు సిమెంటు స్లాబుది. దాని కప్పు చదునుగా ఉండును. ఆ ఇంటి ప్రక్కనే, ప్రహరీ గోడకు దగ్గరగా, మోటారు బండిని నిలుపుకొనుటకు వేసిన చిన్న రేకుల షెడ్డు ఉండును. దాని కప్పు మాత్రము ఒక వైపునకు వాలి యుండును. ఇంటికిని షెడ్డుకును యజమాని ఒక్కడే, కురియు వానయు ఒక్కటే. అయినను కప్పులు రెండు విధములుగా నున్నవి.

షెడ్డు వేయదలచిన గృహస్థు మేస్త్రీని మొదట ఖర్చెంత యగునని అడుగును. తరువాత ఎన్ని దినములు పట్టునని అడుగును. కప్పు ఎంత వాలుగా ఉండవలెను, ఏ దిక్కునకు వాలవలెను అను ప్రశ్న సామాన్యముగా ఎవ్వరికిని తోచదు. మేస్త్రీ తన చేతికి అలవాటైన వాలు నిచ్చి పోవును. ఆ వాలు మంచిదో కాదో మొదటి గాలివాన నాడు తెలియును. ఈ చిన్న విషయము వెనుక మన ఇండ్ల చరిత్ర చాల యున్నది. ఆ చరిత్రను తెలిసికొన్నచో షెడ్డుకు తగిన వాలును ఎన్నుకొనుట సులభ మగును గనుక, ఈ ప్రసంగమున దానిని శ్రోతల ముందుంచుచున్నాము.

ముందుగా నేల సంగతి చెప్పవలెను. హుస్సేన్ సాగరము 16వ శతాబ్దమున, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున నిర్మింపబడినది. ఆ చెరువు నిండినప్పుడు మిగులు నీటిని మోసికొనిపోవు కాలువ అశోక్ నగర్, దోమల్‌గూడ, హిమాయత్ నగర్, నారాయణగూడ, నల్లకుంట ప్రాంతముల మీదుగా దిగి, అంబర్‌పేట్ వైపు సాగి మూసీ నదిలో కలియును. చిక్కడపల్లి వీధుల నీరును ఈ పల్లమునకే దిగును. అనగా ఈ పేటలన్నియు ఒకే ఏటవాలు నేల మీద ఉన్నవి. అందులో అంబర్‌పేట్ దిగువది. ఇంటి కప్పుకు ఒక వాలు ఉన్నట్లే ఊరికిని ఒక వాలు ఉన్నదను మాటను శ్రోతలు జ్ఞాపకము నుంచుకొందురు గాక. చివరకు ఆ రెండు వాలులును ఒకదానితో నొకటి కలియును.

వాలును ఇంజనీర్లు డిగ్రీలలో కొలుతురు. పాత వడ్రంగుల లెక్క అంతకంటె సుళువైనది. అడ్డముగా ఒక అడుగు పోవుసరికి కప్పు ఎన్ని అంగుళములు లేచునో అదియే వాలు. అడుగుకు పన్నెండంగుళములు లేచినచో అది 45 డిగ్రీలు. ఆరంగుళములు లేచినచో అది 26 డిగ్రీలకు కొంచెము పైన. ఈ లెక్కకు మూలముగా ఒక సూత్రము కలదు. కప్పులో అతుకులు ఎంత ఎక్కువగా, ఎంత వదులుగా ఉన్నచో వాలు అంత నిటారుగా ఉండవలెను. అతుకులు తగ్గిన కొలది, బిగిసిన కొలది వాలును తగ్గింపవచ్చును. కప్పుల చరిత్ర యంతయు ఈ సూత్రమునకు వ్యాఖ్యానమని చెప్పవచ్చును.

మొదట పూరిల్లు. రెల్లుగడ్డియైనను తాటాకైనను వరిగడ్డియైనను ఏ ఒక్క పోచయు నీటిని ఆపజాలదు. నీటిబొట్టు పోచ నుండి పోచకు జారుచు, కప్పు లోనికి ఒకటి రెండంగుళములు దిగులోపుననే చూరు చేరవలెను. కావుననే పూరింటి కప్పును అడుగుకు అడుగు లేపుదురు. నడుమ నిట్రాడు పాతి, దాని మీద కొప్పు నిలిపి, వాసములను రెండు వైపులకును దింపుదురు. వాలు తగ్గిన పూరిల్లు ముందుగా కుళ్లును, తరువాత కురియును. పేదవాని గుడిసెకు అంత ఎత్తైన కొప్పు ఉండుటకు కారణము ఇదియే.

తరువాత గూన పెంకు వచ్చినది. కుమ్మరి సారె మీద గొట్టము వలె మట్టిని లేపి, దానిని నిలువుగా రెండుగా కోసి, ఆరబెట్టి, ఆవములో కాల్చును. ఒక వరుస వెల్లకిలగా, దాని మీద ఒక వరుస బోర్లగా పరచినచో క్రింది పెంకు కాలువ యగును, మీది పెంకు మూత యగును. పోచల కంటె అతుకులు తగ్గినవి. కాని పెంకును పెంకుతో బిగించునది ఏదియు లేదు. దాని బరువే దానిని నిలుపవలెను. మిక్కిలి నిటారుగా వేసినచో పెంకు జారిపోవును. మిక్కిలి వాల్చి వేసినచో జల్లు వెనుకకు ఎగదన్ని లోపల పడును. అందువలన అడుగుకు ఏడెనిమిది అంగుళములు అను మధ్యేమార్గము కుదిరినది. కోతులును పిల్లులును పెంకులను కదల్చుచుండును గనుక, తొలకరికి ముందు పెంకులు తిరగవేయించుట ప్రతి యింటికిని ఏటేట తప్పని పని యాయెను. తెలంగాణ పల్లెలలోని పాత భవంతి ఇండ్లలో కప్పు నాలుగు వైపుల నుండియు లోపలి వాకిలి వైపునకే వాలి యుండుట చాలమంది చూచియే యుందురు. ఆ ఇంటి వాన ఆ ఇంటివారి వాకిటనే పడును.

ఇంతవరకు చెప్పినది వాలు కప్పుల వంశము. దక్కనులో దీనికి సమానమైన ప్రాచీనత గల మరియొక వంశము కలదు. అది మిద్దెల వంశము. చదును కప్పు సిమెంటుతోనే వచ్చినదని కొందరు భావింతురు. అది సరి కాదు. పాలమూరు, కర్నూలు, అనంతపురము ప్రాంతములలో మట్టి మిద్దెలు తరతరములుగా ఉన్నవి. దూలముల మీద దంతెలు, వాని మీద బండలో కఱ్ఱలో పరచి, మీద మట్టి దట్టించి, అన్నిటికిని పైన చౌడు మట్టి పోయుదురు. చౌడులో సోడియం లవణములు ఎక్కువ. తడిసినంతనే ఆ మట్టి రేణువులు విడివడి, సందులను పూడ్చివేయును. నీరు లోనికి ఇంకదు. పంట పండని మట్టి ఇల్లు కాపాడుటకు పనికివచ్చినది. అయితే అది సన్నని వానకు నిలుచును గాని, దినముల తరబడి కురియు ముసురుకు నిలువదు. అనంతపురమున ఏటికి సుమారు 55 సెంటీమీటర్ల వాన కురియును. కోస్తా జిల్లాలలో 100 సెంటీమీటర్లకు అటునిటుగా కురియును. మిద్దె అక్కడ నిలుచుటకును, పెంకుటిల్లు ఇక్కడ నిలుచుటకును ఈ భేదమే ముఖ్య కారణము.

హైదరాబాదు వాన ఏటికి సుమారు 80 సెంటీమీటర్లు. అనగా ఈ నగరము రెండు సంప్రదాయములకును నడుమ నున్నది. రెండును ఇక్కడ ప్రక్కప్రక్కన జీవించినవి. కలిగినవారి ఇండ్లలో మట్టి మిద్దెకు బదులు సున్నపు మిద్దె వచ్చెను. డంగులో నూరిన సున్నమునకు బెల్లపు నీరును కరక్కాయ కషాయమును చేర్చి, ఇటుక ముక్కలతో కలిపి, దినముల తరబడి కొట్టి గట్టిపరచెడివారు. తరువాతి కాలమున ఇనుప గర్డరుల మధ్య షాబాదు బండలు పరచి, పైన సున్నపు కాంక్రీటు వేయు పద్ధతి నగరమున వ్యాపించెను. ఈ చదును కప్పులకును వాలు కలదు. కంటికి కనబడదు, అంతియే. అయిదడుగులకు ఒక అంగుళము చొప్పున తూము వైపునకు దించుట వాడుక.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరమును ముంచివేసినది. మట్టి గోడల ఇండ్లు వేల సంఖ్యలో కూలినవి. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాలు, వాని ఫలితముగా 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము పూర్తియగుట అందరును ఎరిగినదే. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు పేటలను విడదీసి, వెడల్పైన బాటలు వేసి, క్రొత్త ఇండ్లు కట్టించినది. నది ఒడ్డు వదలి నగరము ఉత్తరమునకును తూర్పునకును విస్తరించిన కొలది, ఆవరణ గల ఇండ్లు, అనగా నడుమ ఇల్లు, చుట్టును ఖాళీ స్థలము గల కట్టడములు పెరిగినవి. షెడ్డు కథ ఇక్కడనే మొదలగును.

ఆవరణలో ఒక మూలగా విడిగా కట్టు కొట్టము మోటారు బండితో పుట్టినది కాదు. దానికి ముందు గుఱ్ఱపు బండికి కొట్టముండెడిది. గుఱ్ఱపు లద్దె వాసన, ఈగలు, ఎండుగడ్డికి నిప్పంటుకొను భయము, ఈ మూడును కొట్టమును ఇంటికి ఎడముగా నుంచినవి. మోటారు వచ్చిన తరువాత గుఱ్ఱము పోయినది గాని ఎడము పోలేదు. గడ్డికి బదులు పెట్రోలు వచ్చెను. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1911లో ఒక రోల్స్ రాయిస్ బండిని తయారు చేయుటకు ఉత్తరువిచ్చెను; అది చేరులోపుననే, ఆ యేటనే ఆయన గతించెను. 1932లో నిజాము రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో ప్రారంభించిరి. చిక్కడపల్లి చివరనున్న చౌరస్తాకు నేటికిని ఆర్టీసీ పేరే నిలిచియున్నది. బండ్లు ప్రభువుల నుండి ఉద్యోగుల ఇండ్లకు, వకీళ్ల ఇండ్లకు, వైద్యుల ఇండ్లకు దిగి వచ్చిన కొలది, ప్రతి ఆవరణలోను ఒక చిన్న కప్పు అవసరమాయెను. దానికి మిద్దె వేయుట దండుగ అని తోచెను. తేలికగా, చౌకగా, త్వరగా వేయదగిన కప్పు కావలసివచ్చెను. ఆ కప్పులు ప్రపంచపు నాలుగు మూలల నుండి అప్పటికే బయలుదేరి వచ్చియుండెను.

వానిలో మొదటిది మంగుళూరు పెంకు. 1841లో ఫ్రాన్సు దేశమున, ఆల్సాస్ సీమలోని ఆల్ట్‌కిర్ఖ్ అను ఊర గిలార్డోని సోదరులు గాడులు గల బల్లపరుపు పెంకును కనిపెట్టిరి. ఒక పెంకు అంచు ప్రక్క పెంకు గాడిలో ఇమిడి కూర్చుండును. 1865లో బాసెల్ మిషను వారి జార్జ్ ప్లెబ్స్ట్ మంగుళూరులో పెంకుల కర్మాగారమును స్థాపించి, అక్కడి నది బంకమట్టితో అట్టి పెంకులనే చేయించెను. రైలు మార్గములు పెరిగిన కొలది అవి దేశమంతటను వ్యాపించినవి. కోస్తా ఆంధ్రమున వీనికి బెంగుళూరు పెంకులని పేరు వచ్చుట తమాషా యైన సంగతి. గాడి యుండుట వలన అతుకు బిగిసినది. రీపరును పట్టుకొను కొక్కెము వంటి బొడిపె యుండుట వలన పెంకు జారదు. వాలు అడుగుకు ఆరంగుళములకు దిగివచ్చెను.

రెండవది ఇనుప రేకు. 1829లో లండను రేవుల ఇంజనీరగు హెన్రీ రాబిన్సన్ పామర్ అలలు తీర్చిన ఇనుప రేకునకు పేటెంటు పొందెను. పలుచని రేకు చదునుగా ఉన్నచో వంగిపోవును. అలలు తీర్చినచో బలము వచ్చును. 1837లో ఫ్రెంచి వాడగు సొరెల్ ఇనుమునకు జింకు పూత పూయు విధమునకు పేటెంటు పొందెను. తుప్పు బాధ తగ్గెను. పెంకులు వందల సంఖ్యలో పరవవలసిన చోట నాలుగైదు రేకులు చాలును. అతుకులు అట్లు తగ్గుటతో వాలు అడుగుకు రెండున్నర అంగుళముల వరకు దిగెను.

మూడవది సిమెంటు రేకు. 1900 ప్రాంతమున ఆస్ట్రియా దేశీయుడగు లుడ్విగ్ హాచెక్ సిమెంటును రాతినారతో, అనగా ఆస్బెస్టాస్‌తో కలిపి పలుచని రేకులుగా చేయు పద్ధతిని కనిపెట్టెను. 1946లో హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ అను కంపెనీ ఏర్పడి, సనత్ నగర్ కర్మాగారము నుండి చార్మినార్ అను పేరుతో రేకులను అమ్మజొచ్చెను. రాయి, సున్నము తప్ప మరేమియు ఎరుగని 1591 నాటి కట్టడము పేరు ఈ విధముగా సిమెంటు రేకుల మీదికి ఎక్కెను. ఇనుము వలె తుప్పు పట్టదు, వాన చప్పుడు తక్కువ, ధర అందుబాటులో నుండును. కావున పాఠశాలలు, గోదాములు, వంటిండ్లు, మోటారు షెడ్లు దీనితో నిండినవి.

ఈ రేకు విషయమై ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఆస్బెస్టాస్ అన్ని రకములును క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టముగా ప్రకటించినది. ఐరోపా సమాజ దేశములన్నిట 2005 నాటికి దాని వాడకము నిషేధింపబడినది. కప్పు మీద కదలకున్న రేకు కంటె, కోసిన రేకు, రంధ్రము వేసిన రేకు, పగులగొట్టిన రేకు ఎక్కువ ప్రమాదకరమైనది. దాని దుమ్ములోని నార ఊపిరితిత్తులలో చేరి, వ్యాధి దశాబ్దముల తరువాత బయటపడును. పాత షెడ్డును విప్పించువారు రేకులను సుత్తెతో కొట్టింపరాదు. నీటితో తడిపి, నిండు రేకుగానే దింపింపవలెను. క్రొత్తగా వేయువారు రాతినార లేని రేకును గాని, పూత పూసిన ఉక్కు రేకును గాని కోరి తెప్పించుకొనుట మంచిది.

చివరిది ఇనుప చువ్వల కాంక్రీటు స్లాబు. దీనిలో అతుకే లేదు. కావున వాలు ఎనిమిదడుగులకు ఒక అంగుళమునకు దిగిపోయెను. పూరింటి అడుగుకు అడుగు నుండి లెక్కించినచో వాలు నూటికి ఒక వంతైనది. దీనితో నగరవాసికి మేడ మీద వడియాలు ఎండబెట్టుకొను చోటు, వేసవి రాత్రి పండుకొను చోటు, మరియొక అంతస్తు కట్టుకొను ఆశ లభించినవి. పోయినదియు కలదు. వాలు కప్పు తన దోషమును వెంటనే చెప్పును. పెంకు జరిగినచో ఆ దినముననే చుక్క పడును, ఎక్కడ జరిగినదో తెలియును. చదును కప్పు మీద నిలిచిన నీరు ఒక చోట దిగి, చువ్వల వెంట ప్రాకి, ఏండ్ల తరువాత మరియొక చోట చెమ్మగా కనబడును. అప్పటికి లోపలి ఇనుము తుప్పు పట్టియుండును. వాలు తగ్గిన మేరకు కప్పును కనిపెట్టియుండవలసిన శ్రద్ధ పెరిగినది.

ఈ చరిత్రను దృష్టిలో నుంచుకొని షెడ్డు వద్దకు వత్తము. పది అడుగుల వెడల్పు, ఇరువది అడుగుల పొడవు గల షెడ్డు ననుకొందము. ఒకే వైపునకు వాల్చి మంగుళూరు పెంకు వేసినచో ఒక గోడ కంటె రెండవ గోడ అయిదడుగులు లేవవలెను, అది అసౌకర్యము. కావున పెంకు వేయువారు నడుమ కొప్పు నిలిపి రెండు వైపులకును వాల్చుటయే ఉచితము. అప్పుడు రెండున్నర అడుగులు చాలును. రేకు వేయువారికి ఒకే వాలు చాలును. రెండడుగుల భేదము, అనగా తక్కువ వైపు ఏడడుగులు, ఎక్కువ వైపు తొమ్మిదడుగులు ఉన్నచో బండికిని మనిషికిని తల తగులదు. స్లాబు వేయువారికి అంగుళమున్నర దిగుడు చాలును; కాని ఆ అంగుళమున్నర నిజముగా ఉన్నదో లేదో రసమట్టముతో చూచి, కాంక్రీటు పోయక ముందే సరిచేయింపవలెను. ఇంటి అందమునకు సరిపోవునని ఇంటి వాలునే షెడ్డుకు ఇచ్చుటయు, ఎత్తు తగ్గునని పెంకునకు రేకు వాలు ఇచ్చుటయు రెండును పొరపాట్లే. కప్పు దేనితో వేయుదుమో అది తన వాలును తానే కోరును.

గాలి సంగతి అంతకంటె ముఖ్యమైనది. ఏప్రిల్, మే మాసములలో మన నగరమున సాయంకాలపు గాలివానలు రేకులను ఎగురగొట్టుట ప్రతి యేటను చూచుచున్నాము. భారతీయ ప్రమాణముల ప్రకారము హైదరాబాదు కట్టడములకు సెకనుకు 44 మీటర్ల గాలి వేగమును లెక్కలోనికి తీసికొనవలెను. వాలు తక్కువ గల కప్పును గాలి క్రిందికి నొక్కదు. మీదుగా పోవుచు పైకి పీల్చును. మోటారు షెడ్డు ముందు వైపు తెరచి యుండును గనుక లోపల దూరిన గాలియు పైకే త్రోయును. ఈ రెండు బలములును కలిసినప్పుడు, రేకు మీద ఉంచిన నాలుగు రాళ్లు దానిని కాపాడలేవు. అవియును ఎగిరి ప్రక్కవారికి అపాయము కలిగించును. రేకును క్రింది కమ్మికి కొక్కెపు బోల్టులతో బిగింపవలెను. రంధ్రములను అల యొక్క మీది భాగమున వేయవలెను గాని నీరు పారు పల్లమున వేయరాదు. వానకాలపు గాలి మనకు పడమట నుండి, నైరృతి నుండి వచ్చును గనుక, వీలున్న చోట తక్కువ వైపును ఆ దిక్కునకు, తెరచిన ఎత్తు వైపును తూర్పునకు ఉంచినచో జల్లు బండి మీద పడదు. పడమటి ఎండయు తగ్గును.

ఇక దిక్కు నిర్ణయించుటలో ఒక ధర్మము కలదు. షెడ్డు కప్పు ఇంటి గోడ వైపునకు వాలరాదు; వాలినచో ఇంటి పునాది తడియును. ప్రక్కవారి ఆవరణ వైపునకును వాలరాదు. చూరు నీటిని గూర్చిన తగవులు క్రొత్తవి కావు. 1905లో మైసూరున శామశాస్త్రిగారి చేతికి తాళపత్రములలో దొరకి, 1909లో అచ్చైన కౌటిల్యుని అర్థశాస్త్రమున, మూడవ అధికరణమున, గృహములను గూర్చిన నియమము లున్నవి. ఇరుగు పొరుగు ఇండ్ల మధ్య మూడు నాలుగు పాదముల ఎడము ఉండవలెనని, కప్పుల చూరులు ఒకదానికొకటి నాలుగు అంగుళముల దూరమున నైనను ఉండవలెను, లేదా ఒకదాని మీదికి ఒకటి ఎక్కియైనను ఉండవలెనని అందు చెప్పబడినది. నేటి పురపాలక నియమములు ప్రహరీకిని కట్టడమునకును మధ్య స్థలము విడువుమని చెప్పుటలోను ఈ వివేకము కొంత కలదు.

ఆ నీరు ఎంత అను ప్రశ్నకు లెక్క సులభము. వాలు ఎంత యైనను కప్పు మీద పడు వాన, కప్పు క్రింద నేల కొలతను బట్టియే ఉండును. పైన చెప్పిన షెడ్డు 200 చదరపు అడుగులు. 80 సెంటీమీటర్ల వాన కురిసిన యేడు దాని మీద సుమారు 15,000 లీటర్ల నీరు పడును. 2000వ సంవత్సరము ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క దినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన నమోదైనది. అట్టి దినమున ఈ చిన్న షెడ్డు ఒక్కటియే సుమారు 4,500 లీటర్లను, అనగా ఇంచుమించు నగరమున తిరుగు ఒక నీటి ట్యాంకరు పట్టునంత నీటిని చూరు నుండి దింపును. వాలు చేయగలిగినది ఆ నీరు ఏ వైపు, ఎంత వడిగా పోవలెనో నిర్ణయించుట మాత్రమే.

ఆ ఆగస్టు నాడు హుస్సేన్ సాగరము పొంగి, మిగులు కాలువ వెంట నున్న అశోక్ నగర్, దోమల్‌గూడ, హిమాయత్ నగర్ ఇండ్లలో నీరు నిలిచినది. 2020 అక్టోబరు వానలలోను నగరపు పల్లపు పేటలు మునిగినవి. అప్పుడు కాలువను, చెరువును, అధికారులను తప్పుపట్టుట అందరును చేసినదే. అందు సత్యము లేకపోలేదు. కాలువలు ఇరుకైనవి, కుంటలు పూడిపోయినవి. అయితే పూర్వపు భవంతి వాకిట పడిన నీరు కొంత ఆ మట్టిలోనే ఇంకెడిది. నేటి ఆవరణ బండలతో, సిమెంటుతో కప్పబడినది. స్లాబు నీరును షెడ్డు నీరును గొట్టముల ద్వారా వీధికి, వీధి నుండి కాలువకు, కాలువ నుండి దిగువ పేటకు అదే గడియలో చేరుచున్నది. చిక్కడపల్లి కప్పు నుండి దిగిన వాన అంబర్‌పేట్ గడపకు వరద యగుచున్నది.

అందువలన షెడ్డు వాలును నిర్ణయించుటకు ముందు నీరు పడవలసిన చోటును నిర్ణయింపవలెనని మా మనవి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము వాన నీటిని భూమిలోనికి ఇంకించు ఏర్పాట్లను కోరుచున్నది. ఆవరణలో పునాదులకు ఎడముగా ఒక మూల ఇంకుడు గుంత త్రవ్వి, కంకరయు ఇసుకయు నింపి, షెడ్డు తక్కువ వైపును ఆ మూలకు తిప్పినచో, చూరు క్రింద ఒక తొట్టి గొట్టముతో పని జరుగును. గుంత త్రవ్వ వీలులేని చోట ఒక నీటి పీపానైన నుంచినచో మొక్కలకు పనికివచ్చును. రాతినార రేకు మీది నీటిని మాత్రము త్రాగుటకు వాడరాదు. ఇంకిన నీటికి ఫలము కలదనుటకు దూరము పోనక్కరలేదు. పూడిపోయిన అంబర్‌పేట్ బతుకమ్మ కుంటను 2025లో మరల త్రవ్వగా నీరు పైకి వచ్చినది.

మోటారు షెడ్డు చిన్న కట్టడము. దానిని వేయువారు మేస్త్రీని మూడు ప్రశ్నలు అడిగినచో చాలును. కప్పు దేనితో వేయుచున్నాము, దానికి తగిన వాలు ఎంత? గాలి ఏ వైపు నుండి వచ్చును, బోల్టులు ఎట్లు బిగింతువు? చూరు నీరు ఎవరి నేల మీద పడును? మొదటి రెండు ప్రశ్నలకు మేస్త్రీ బదులు చెప్పగలడు. మూడవదానికి బదులు చెప్పవలసినవాడు ఇంటి యజమాని.